శామ్‌సంగ్ ఏ35, నథింగ్ 2ఏ: మా ఇంట్లో రెండూ నలిగినాక

పాతిక, ముప్పై వేలల్లో ఫోను చూసేవాళ్ళు షాపులో మొదట అడిగేది ప్రాసెసర్ ఏదని. రెండు ఫోన్లను ఏడాదికి పైగా పక్కపక్కనే చూసినాక నా అభిప్రాయం ఇది: ఈ ధరలో ఫోను నెమ్మదై మూలన పడటం తక్కువ. నీళ్ళు దిగో, అద్దం పగిలో, మెమరీ నిండో, అప్‌డేట్లు ఆగిపోయో మూలన పడేవే ఎక్కువ. పోల్చేటప్పుడు ముందు ఆ నాలుగూ చూడాలి, మిగతావి తర్వాత.

నథింగ్ ఫోన్ 2ఏ నాది. గెలాక్సీ ఏ35 మా అక్కది. రెండూ 2024 మార్చిలో మన దేశంలో విడుదలైనవే. అప్పటి ధరలు 8 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీకి నథింగ్ 23,999, శామ్‌సంగ్ 30,999. ఏడు వేల తేడా. నేను తిరుపతిలో బండ్ల ఇన్సూరెన్సు సర్వే పని చేస్తాను. యాక్సిడెంటైన కారు, లారీ ఏ షెడ్డులో ఉంటే అక్కడికి పోయి ఫొటోలు తీసి పంపడమే నా రోజు. అక్కావాళ్ళది చిత్తూరు దగ్గర పూతలపట్టు వైపు పల్లె. ఆవులు, మామిడి తోట. ఆమె ఫోను పేరుకు ఆమెది గానీ వాడేది ఇంటిల్లిపాదీ. కొన్నప్పుడే అనుకున్నాం, మధ్యమధ్యలో సిమ్ములు మార్చుకుని ఒకరి ఫోను ఒకరం వాడి చూద్దామని. అట్లే చేసినాం కాబట్టి రెండింటి గురించీ ధైర్యంగా రాస్తున్నాను.

ముందు నీళ్ళ సంగతి. ఆ ఏడు వేల తేడాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఇదే. ఏ35కు ఐపీ67 రక్షణ ఉంది. దుమ్ము లోపలికి పోదు. మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకోవాలని దాని లెక్క. 2ఏకు ఉన్నది ఐపీ54. దుమ్ము చాలావరకు ఆగుతుంది, చిందిన నీళ్ళకు, వాన జల్లుకు భయం లేదు. మునిగితే మాత్రం భరోసా లేదు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళకు ఈ తేడా పట్టదు. అక్క తెల్లవారుజామున ఫోను రొండిన దోపుకుని పాలు పిండుతుంది. ఒకసారి కుడితి తొట్టి దగ్గర వంగితే ఫోను జారి తొట్లో పడింది. చెయ్యి పెట్టి తీసి, మంచినీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, అదే ఫోనుతో పాల కేంద్రానికి మాట్లాడింది. ఛార్జర్ పెట్టబోతే తెర మీద నీటి బొట్టు గుర్తు చూపించి ఛార్జింగ్ ఎక్కించుకోలేదు. ఆరినాక ఎక్కింది. "ఇంతకుముందుదైతే ఆడికే పోయుండేదబ్బా" అని బావ ఇప్పటికీ అంటాడు.

ఇది చదివి ఎవరూ ఫోను కుళాయి కింద పెట్టి ఆటలాడొద్దు. ఆ ఐపీ పరీక్ష మంచినీళ్ళకే. సబ్బు నీళ్ళు, వేడినీళ్ళు, సముద్రపు నీళ్ళు అందులోకి రావు. లోపలి జిగురు పట్టీలు ఏళ్ళు గడిచేకొద్దీ పట్టు వదులుతాయి, ఫోను గట్టిగా కింద పడినా వదులుతాయి. నీళ్ళు దిగి పాడైతే వారంటీ వర్తించదన్నది మామూలుగా అన్ని కంపెనీల షరతుల్లోనూ ఉంటుంది. నా 2ఏ సంగతి చెప్పాలంటే, నవంబరు వానల్లో చొక్కా జేబులో తడిసినా దానికేమీ కాలేదు. కుండపోతగా ఉంటే ప్లాస్టిక్ కవర్లో వేసుకుంటాను, అంతే.

అద్దం విషయంలోనూ ఏ35 ఒక మెట్టు పైన. దానికి ముందు గొరిల్లా గ్లాస్ విక్టస్ ప్లస్, 2ఏకు గొరిల్లా గ్లాస్ 5. అయితే ఏ35 వెనకవైపు కూడా గాజే, 2ఏ వెనక ప్లాస్టిక్. ప్లాస్టిక్ అని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు, నేను చూడను. పగలదు, బరువు తగ్గుతుంది. ఏ35 బరువు 209 గ్రాములు, 2ఏ 190. రోజంతా చేతిలో పట్టుకుని ఫొటోలు తీసేవాడికి ఆ తేడా సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. ఏ ఫోనుకైనా పౌచ్ తప్పనిసరి.

మెమరీ దగ్గర ఏ35కు ఉన్న సౌకర్యం మెమరీ కార్డు. సిమ్ ట్రేలో రెండో సిమ్ముకు బదులు కార్డు వేసుకోవచ్చు. అక్కకు ఒకే సిమ్ము కాబట్టి సరిపోయింది. పాల గ్రూపు, బడి గ్రూపు, బంధువుల పెళ్ళి వీడియోలు, అన్నీ కార్డులోకి పోతాయి. రెండు సిమ్ములు వాడేవాళ్ళకు ఈ లాభం లేదు. 2ఏలో కార్డు జాగానే లేదు. అందుకే 2ఏ తీసుకునేవాళ్ళకు గట్టిగా చెబుతున్నా, 128 జీబీది వద్దు. 256 జీబీది విడుదలప్పుడు 25,999, అంటే రెండు వేలే ఎక్కువ. నేను తీసుకున్నది అదే. నా పనిలో ఒక్కో బండికి పదుల ఫొటోలు, చుట్టూ తిరిగి తీసిన వీడియో. 128 అయితే ఎప్పటికప్పుడు తుడుచుకుంటూ కూర్చోవాలి.

కెమెరాల దగ్గర నిదానంగా చూద్దాం, ఎందుకంటే నాకు అన్నం పెట్టేది అదే. రెండింటిలోనూ ప్రధాన కెమెరా 50 మెగాపిక్సెల్, రెండింటికీ చెయ్యి వణుకును సర్దే ఓఐఎస్ ఉంది. పగటి వెలుతురులో రెండు ఫొటోలూ పక్కన పెట్టి ఏది దేనిదో చెప్పమంటే కష్టం. తేడా వైడ్ కెమెరాలో ఉంది. 2ఏకు అది కూడా 50 మెగాపిక్సెల్, ఏ35కు 8. రేణిగుంట రోడ్డు మీది ఇరుకు షెడ్లలో లారీ నిలబెడితే వెనక్కి జరగడానికి జాగా ఉండదు. వైడ్‌లోనే బండి మొత్తం పట్టాలి, అందులోనే నంబరు ప్లేటు, బంపర్ మీద గీతలు చదవడానికి రావాలి. 2ఏ ఫొటోను పెద్దది చేసి చూస్తే అంచుల్లో కూడా అంకెలు నిలుస్తాయి. ఏ35లో అదే జాగా నుంచి తీస్తే అంకెలు మసకబారతాయి, ముందుకు పోయి ప్లేటును విడిగా ఇంకో ఫొటో తియ్యాలి. ఇళ్ళు, గదులు, కల్యాణమండపాలు ఫొటో తీసేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఏ35లో మూడోదిగా 5 మెగాపిక్సెల్ మాక్రో, అంటే బాగా దగ్గరి వస్తువులను తీసే కెమెరా, ఉంది. ఛాసిస్ నంబరు తియ్యడానికి వాడి చూసినాను. ప్రధాన కెమెరానే 2 రెట్లు జూమ్ చేసి కొంచెం దూరం నుంచి తీస్తే అంతకన్నా బాగా వస్తుంది. దూరపు జూమ్ లెన్సు రెండింటిలోనూ లేదు.

రంగుల పరీక్షకు మా ఊళ్ళో మే నెల తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించింది లేదు. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఒకే వీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. అక్క వచ్చినప్పుడు రెండు ఫోన్లతో ఒకే చోట నిలబడి తీసినాను. ఏ35 కుంకుమను ఇంకా ఎర్రగా చూపిస్తుంది, నీడలో ఉన్న ముఖాన్ని వెలుగులోకి తెస్తుంది. అప్పటికప్పుడు స్టేటస్ పెట్టుకోవడానికి అదే ముచ్చటగా ఉంటుంది. అక్కకు నచ్చినవన్నీ ఆ ఫోటోలే. 2ఏ నీడను నీడగానే ఉంచుతుంది. తోటి వేషం కట్టిన మనిషి భుజం మీద బొగ్గు పూత కింద మెరిసే చెమట దాంట్లో తెలిసింది. నాకు అది నిజం. రాత్రి సీరియల్ లైట్ల కింద చిందులేసేవాళ్ళను తీస్తే రెండూ తడబడతాయి. ఓఐఎస్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. వాళ్ళు ఆగిన క్షణం చూసి నొక్కాలి. సెల్ఫీకి 2ఏలో 32 మెగాపిక్సెల్, ఏ35లో 13. మా ఇంట్లో ఎవరూ తేడా పట్టించుకోలేదు.

తెరలు రెండూ అమోలెడ్, రెండూ 120 హెర్ట్‌జ్, సైజు ఇంచుమించు ఒకటే. ఎండలో 2ఏ వెలుగు 1100 నిట్ల దాకా, ఏ35ది 1000 నిట్ల దాకా పోతుంది. మే నెలలో రోడ్డు మీద ఇది కొంచెం తెలుస్తుంది. ఫోను బాగా వేడెక్కితే ఏదైనా సరే తన వెలుగు తానే తగ్గించుకుంటుంది కాబట్టి బండి హ్యాండిల్ మీద ఎండకు తగిలించి మ్యాపు చూడకండి. బండి అదురు కెమెరాలోని ఓఐఎస్‌కు కూడా మంచిది కాదు.

బ్యాటరీ రెండింటిదీ 5000 ఎంఏహెచ్. పొద్దున తీస్తే రాత్రికి నా 2ఏ వస్తుంది, అక్కది ఇంకా మిగులుతుంది, ఆమె వాడకం తక్కువ. ఛార్జింగ్‌లో తేడా ఉంది: 2ఏ 45 వాట్లు, ఏ35 25 వాట్లు. ఇంచుమించు గంటకు నాది నిండుతుంది, ఏ35కు గంటన్నర దగ్గర పడుతుంది. రెండు డబ్బాల్లోనూ ఛార్జర్ ఉండదు, ఆ ఖర్చు కలుపుకుని ధర చూడండి. పీపీఎస్ అని రాసి ఉన్న 45 వాట్ల టైప్-సి ఛార్జర్ ఒకటి కొంటే రెండు ఫోన్లకూ పనికొస్తుంది. పాత ఫోనుతో వచ్చిన ఛార్జర్ మీద ఎన్ని వాట్లు రాసున్నా అది ఆ కంపెనీ సొంత పద్ధతిదైతే వీటికి ఆ వేగం ఇవ్వదు. పల్లెలో 5జీ వచ్చీపోయీ ఉంటే ఫోను ఊరికే వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. అక్క ఫోనును 4జీలో పెట్టినాక చాలా నయమైంది.

బావకు ఏ35 నచ్చింది మాత్రం కాల్ రికార్డింగ్ కోసం. శామ్‌సంగ్ సొంత డయలర్‌లో అది మామూలుగా పనిచేస్తుంది. 2ఏలో ఉన్నది గూగుల్ డయలర్, రికార్డు మొదలవగానే అవతలి మనిషికి వినబడేలా ప్రకటన చేస్తుంది. తోతాపురి కోతల సమయంలో గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు, దళారులు పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర చెబుతారు. ఎన్ని టన్నులు, ఏ రోజు లోడు, ఏ ధర అన్న మాటను మళ్ళీ వినుకునే వీలుంటే రైతుకు ఎంతో ఆసరా. అక్కావాళ్ళ అత్తమ్మకు ఈజీ మోడ్ పెట్టి ఇచ్చినాను. అక్షరాలు, గుర్తులు పెద్దవవుతాయి. ఇప్పుడు మనవడికి ఆమే వీడియో కాల్ చేస్తుంది.

2ఏ వెనక వెలిగే గ్లిఫ్ లైట్లను చూసి పిల్లల ఆట వస్తువు అనేవాళ్ళకు నా అనుభవం చెబుతాను. క్లయింటు ఇంట్లో ఫోను బోర్లా పెడితే చప్పుడు లేకుండా లైటే వెలుగుతుంది. ముఖ్యమైన నంబర్లకు వేరే వెలుగు పెట్టుకున్నాను. నాకు రోజూ పనికొస్తోంది.

వేగం అడిగేవాళ్ళకు ఒక్క మాట. 2ఏలో డైమెన్సిటీ 7200 ప్రో, ఏ35లో ఎక్సినోస్ 1380. గేములు ఆడితే 2ఏ ముందుంటుంది. వాట్సాప్, ఫోన్‌పే, బ్యాంకు యాప్‌ల దగ్గర ఏ తేడా కనబడలేదు.

సర్వీసు గురించి కొనక ముందే ఆలోచించాలి. వీటికి ముందు నేను వాడిన వేరే కంపెనీ ఫోనుకు డిస్‌ప్లే పోతే ఇక్కడ మార్చేవాళ్ళు లేక చెన్నైకి పంపించాల్సి వచ్చింది. అన్నాళ్ళూ పని చేతిలో ఉండీ ఫొటో తియ్యడానికి ఫోను లేదు. కాబట్టి కంపెనీ వెబ్‌సైటులో మీ పిన్‌కోడ్, తిరుపతికైతే 517501, చిత్తూరుకైతే 517001, కొట్టి దగ్గరి సెంటర్ ఎక్కడో చూసుకోండి. అక్కడికి ఫోన్ చేసి డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందో కూడా అడగండి. ఆ అంకె విన్నాక కొందరి నిర్ణయం మారుతుంది.

ఇక అప్‌డేట్లు. రెండూ ఆండ్రాయిడ్ 14తో వచ్చినాయి. ఏ35కు నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, అయిదేళ్ళ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. 2ఏకు మూడు వెర్షన్లు, నాలుగేళ్ళ సెక్యూరిటీ. అంటే అది 2029 దాకా, ఇది 2028 దాకా. ఈ లెక్క ఫోను మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి నడుస్తుంది, మనం కొన్న నాటి నుంచి కాదు. పాత మోడల్ ధర తగ్గిందని సంబరపడి కొంటే ధరతో పాటు ఆ ఏళ్ళూ తగ్గినట్టే. ఫోనులోనే బ్యాంకు పెట్టుకున్న కాలంలో సెక్యూరిటీ అప్‌డేట్లు చిన్న విషయం కాదు.

మా చిన్నాన్న కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, వాడు అడిగితే 2ఏ 256 జీబీదే చూసుకోమన్నాను. పొలం, పశువులు, వంటిల్లు, చేపల మార్కెట్టు, తడి చేతుల పని ఏదున్నా ఏ35 తీసుకోమంటాను, డబ్బు ఎక్కువైనా సరే. రెండూ ఇప్పుడు పాత స్టాకుగా దొరకొచ్చు. సీలు తమ ఎదుటే విప్పించుకుని, డబ్బా మీది ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు), *#06# కొడితే తెర మీద వచ్చేది, బిల్లులో రాసింది మూడూ ఒకటేనా అని షాపులో ఉండగానే చూసుకోండి. వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామన్నా ఒప్పుకోవద్దు.