నర్మదా పరిక్రమకు దారి చూపే పుస్తకం: ఏది మేలు?

2024 మే నెలలో నర్మదా పుష్కరాలు అయినప్పటి నుంచి నన్ను ఇదే ప్రశ్న అడుగుతున్నారు. ఓంకారేశ్వర్‌లో స్నానం చేసి వచ్చినవారిలో కొందరికి నది చుట్టూ కాలినడకన తిరగాలనే కోరిక పుట్టింది. నియమాలు వారికి తెలుసు. నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి, సముద్రం దగ్గర తప్ప ఎక్కడా దాటకూడదు, చాతుర్మాస్యంలో ఒకచోట ఆగిపోవాలి. తెలియనిదల్లా దారి. ఏ పుస్తకం పట్టుకుని బయలుదేరాలి?

పోయిన కార్తికంలో దక్షిణ తీరం వెంట పడమటికి బయలుదేరే ముందు దొరికినవన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. హిందీ, మరాఠీ యాత్రానుభవాల పుస్తకాలు, ఘాట్‌ల దగ్గర దుకాణాల్లో అమ్మే మజిలీల చిన్న పుస్తకం, ఈ మధ్యే నడిచి వచ్చినవారు ఫోన్లలో పంచుకునే పట్టిక, ఫోనులోని మ్యాపు. తెలుగులో నా చేతికి వచ్చినవి బస్సు యాత్రల కరపత్రాలు. నడిచేవారికి వాటితో పని లేదు.

యాత్రానుభవాలు చదవకుండా మాత్రం వెళ్లకండి. జబల్పూర్ చిత్రకారుడు అమృత్‌లాల్ వేగడ్ 1977లో నడక మొదలుపెట్టి, విడతలు విడతలుగా నడుస్తూ రాసిన పుస్తకాలు నన్ను ఈ దారి పట్టించాయి. ఆయన గుజరాతీ రచనకు 2004లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలియని ఇంటి గడపలో నిలబడి, పరిక్రమవాసుల పలకరింపు అయిన "నర్మదే హర్" అనడానికి కావలసిన ధైర్యం అలాంటి పుస్తకమే ఇస్తుంది. కానీ ఆయన అడుగు వేసిన రోజుకు బర్గీ ఆనకట్ట కూడా పూర్తి కాలేదు. ఆయన చూసిన తీరంలో చాలా భాగం ఇప్పుడు నీటి అడుగున ఉంది.

ఏ పుస్తకం మేలో తేల్చేది నా దృష్టిలో ఇదే. భాష, ధర, ముద్రణ అన్నీ దీని తరువాతే. రాసిన మనిషి ఏ సంవత్సరంలో నడిచాడు, ఏ నెలలో నడిచాడు?

సంవత్సరం ఎందుకంటే, బర్గీ, ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్, సర్దార్ సరోవర్ అనే నాలుగు ఆనకట్టలు పాత కాలిబాటను ముక్కలు చేశాయి. ఇందిరా సాగర్ ముంపుతో 2004లో హర్సూద్ పట్టణం ఖాళీ అయింది. శూలపాణేశ్వరుడి పాత గుడి మునిగిపోతే గోరా దగ్గర కొత్త గుడి కట్టారు. సర్దార్ సరోవర్ జలాశయం దగ్గరి ఊరైన బడ్వానీ పక్కన రాజ్‌ఘాట్‌లో ఉన్న గాంధీ స్మారకాన్ని 2017లో తవ్వి తరలించారు. సర్దార్ సరోవర్ మొదటిసారి పూర్తి మట్టం 138.68 మీటర్లకు నిండింది 2019లో. అంతకు ముందు నడిచినవారు రాసిన మజిలీలను బడ్వానీ దాటాక నమ్మలేం.

నెల ఎందుకన్నది కృష్ణాతీరం వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. శ్రీశైలం జలాశయం తగ్గితేనే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా. ఇక్కడా అంతే. కార్తిక ఏకాదశి దాటాక ఓంకారేశ్వర్‌లో బయలుదేరినవారు బడ్వానీ చేరేసరికి జలాశయం ఇంకా నిండుగానే ఉండవచ్చు. ఎండాకాలంలో నడిచిన మనిషి "ఒడ్డు వెంటే వెళ్లాం" అని రాసిన చోట మీకు ఒడ్డే ఉండదు.

నాకు ఇది అనుభవంలోకి వచ్చింది. చిన్న పుస్తకంలో సాయంత్రం మజిలీ అని ఉన్న ఊరి కోసం పొద్దు వాలేదాకా నడిచాను. ఎదురుగా నీళ్లే. వల సర్దుకుంటున్న పెద్దాయన ఊరి పేరు వినగానే నీళ్ల మధ్యకు చెయ్యి చూపించి, వెనక్కి వెళ్లి పై దారి పట్టమన్నాడు. పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ సంవత్సరమే. లోపల ఉన్నది ఎప్పటిదో పాత పట్టిక. ముద్రించిన ఏడాదిని చూసి మోసపోవద్దని అందరికీ చెబుతున్నది అందుకే.

అలాగని ఆ చిన్న పుస్తకాన్ని తీసిపారేయను. జేబులో పడుతుంది, ఛార్జింగ్ అక్కరలేదు. ముంపు లేని మేరలో ఆశ్రమాల పేర్లు, సదావ్రతం (యాత్రికులకు ఉచితంగా ఇచ్చే వంట సరుకులు) దొరికే చోట్లు దాదాపు సరిగ్గానే ఉన్నాయి.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది ఇటీవల నడిచినవారి పట్టికనే. అందులో అక్షరదోషాలుంటాయి, దూరాలు ఉజ్జాయింపుగా ఉంటాయి. కానీ ఏ వాగు మీద వంతెన లేదో, ఏ ఆశ్రమం తలుపు వేసి ఉందో, బడ్వానీ దాటాక సాత్పురా కొండల్లోని శూలపాణి అడవి దారిన వెళ్లారో, షహాదా, ప్రకాశా మీదుగా రోడ్డున వెళ్లారో అందులో ఉంటుంది. నది సముద్రంలో కలిసే చోట విమలేశ్వర్ నుంచి అవతలి తీరంలోని మీఠీ తలాయికి పడవ సముద్రపు పోటును బట్టి కదులుతుంది కనుక, అక్కడ ఎన్నాళ్లు ఆగవలసి వచ్చిందో కూడా రాస్తారు. తేదీ వేయని పట్టికను మాత్రం తీసుకోవద్దు. వీలైతే మీరు నడవబోయే నెలలోనే నడిచినవారిది అడగండి.

ఫోను మ్యాపు ఊళ్ల మధ్య దూరం చూసుకోవడానికి చాలు. దారి చూపమంటే దగ్గర దారి వెతికి నర్మద మీద వంతెన ఎక్కిస్తుంది. పరిక్రమ నియమం దానికి తెలియదు.

ఒక్క రోజులో ముగిసే నడక కావాలనుకునేవారికి గుజరాత్‌లో చైత్రమాసపు ఉత్తరవాహిని పరిక్రమ ఉంది. రాంపురా, తిలక్‌వాడా మధ్య సాగే ఆ నడకకు పుస్తకమే అక్కరలేదు, జనం వెంట నడిస్తే సరిపోతుంది.

పట్టిక దొరికాక దాన్ని కాగితం మీద మీ చేత్తో ఎత్తి రాసుకోండి. ఊళ్ల పేర్లు తెలుగులో ఒక వరుస, పక్కనే దేవనాగరిలో ఒక వరుస ఉండాలి. నేను పలికిన పేరు పొలంలో ఉన్న మనిషికి అర్థం కానప్పుడు కాగితం చూపించాను. ఆయన చదివి, నా పెన్ను అడిగి తీసుకుని, ఆ ఊరికి ముందు ఒక కొత్త మజిలీ రాసిచ్చాడు.