రెడ్‌క్యాప్ ఆటోమేటెడ్ సర్వే ఇన్విటేషన్స్: ఫాలోఅప్ ప్రశ్నలు వేళకు వెళ్లాలంటే

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పేషెంటును గాయం ఎలా ఉందని ఏడో రోజున అడగాలి, 30వ రోజున మళ్లీ అడగాలి, 90వ రోజున మరోసారి అడగాలి. కృత్రిమ కీలు పెట్టినప్పుడు ఇన్ఫెక్షన్ కోసం 90 రోజుల వరకు కనిపెట్టి ఉండాల్సిందే. నెలకు 40 ఆపరేషన్లు జరిగే విభాగంలో ఇది నెలకు 120 ఫోన్ల పని. ఓపీ రద్దీలో మొదట వెనకపడేది ఇదే. ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలనుకునే బోధనాసుపత్రులు, పరిశోధన బృందాలు, రిజిస్ట్రీలు నడిపేవాళ్లు ముందుగా చూడాల్సింది రెడ్‌క్యాప్ అనే డేటా సేకరణ సాఫ్ట్‌వేర్. 2004లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్సు ఉచితం. సర్వరు, దాన్ని చూసుకునే మనిషి మాత్రం మన ఖర్చే. ఇక్కడ మాట్లాడేది అందులోని ఒక్క సదుపాయం గురించి: ఫలానా రోజున ఫలానా పేషెంటుకు ప్రశ్నల లింకు దానంతట అదే వెళ్లేలా చేసే ఆటోమేటెడ్ సర్వే ఇన్విటేషన్స్.

ప్రాజెక్టు సెటప్ పేజీలో పేషెంటు ఈమెయిల్ ఉండే ఫీల్డు ఏదో ముందుగా చూపించాలి. ఆ ఫీల్డుకు ఈమెయిల్ వ్యాలిడేషన్ (రాసింది ఈమెయిల్ రూపంలో ఉందో లేదో చూసే తనిఖీ) పెట్టి ఉండాలి. తర్వాత ప్రశ్నల ఫారాన్ని సర్వేగా మార్చి, ఆన్‌లైన్ డిజైనర్‌లో ఆ ఫారం వరుసలో కనిపించే ఆటోమేటెడ్ ఇన్విటేషన్స్ బటన్ నొక్కాలి. సందేశం, షరతు (ఏది నిజమైతే పంపాలో చెప్పే నియమం), సమయం, రిమైండర్లు అన్నీ అక్కడే నింపుతాం. చివర్లో యాక్టివ్ అని పెట్టకపోతే ఇదంతా నిద్రలోనే ఉంటుంది. సందేశంలో ముందే ఉండే సర్వే లింకు గుర్తును చెరపకండి. ప్రతి పేషెంటుకూ విడి లింకు తయారయ్యేది దానివల్లే.

ఎక్కువ మంది తప్పులో కాలేసేది సమయం దగ్గర. వెంటనే పంపు, వచ్చే సోమవారం లాంటి ఫలానా వారాన ఫలానా గంటకు పంపు, ఇన్ని రోజులు గడిచాక పంపు, కచ్చితంగా ఈ తేదీన పంపు అని నాలుగు దారులుంటాయి. మూడోదాంట్లో 30 రోజులు అని రాసి ఊరుకుంటే ఆ లెక్క ఆపరేషన్ తేదీ నుంచి మొదలవదు, షరతు నిజమైన క్షణం నుంచి మొదలవుతుంది. డేటా ఎంట్రీ పది రోజులు ఆలస్యమైతే 30వ రోజు ప్రశ్నలు 40వ రోజున వెళ్తాయి. కొత్త వెర్షన్లలో ఏ తేదీ ఫీల్డు నుంచి లెక్కించాలో అక్కడే ఎంచుకోవచ్చు. ఆ సౌకర్యం ఉంటే అదే వాడండి.

అది లేనిచోట షరతులోనే డేట్‌డిఫ్ ఫంక్షన్‌తో ఆపరేషన్ తేదీకీ ఈరోజుకూ మధ్య రోజులు లెక్కించాలి. ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది, ఆ ఫంక్షన్ చివర్లో ‘ట్రూ’ అని చేర్చకపోతే అది ముందూ వెనుకా చూడదు. ఏడు రోజుల కిందట జరిగిన ఆపరేషన్‌కూ, ఇంకో ఏడు రోజులకు జరగబోయే ఆపరేషన్‌కూ ఒకే జవాబు ఇస్తుంది, 7 అని. ఇంకా థియేటర్‌కే వెళ్లని పేషెంటుకు గాయంలో చీము పట్టిందా అని మెయిల్ వెళ్తుంది. రెండోది, ‘సరిగ్గా 7’ అని రాస్తే ఆ ఒక్కరోజు సర్వరు ఆగిపోయినా, తేదీ ఎనిమిదో రోజున ఎంట్రీ అయినా ఆ పేషెంటు జారిపోయినట్టే. 7కు తక్కువ కాకుండా, 10కి మించకుండా అని నాలుగు రోజుల వెసులుబాటు ఇవ్వండి. ఒక్కో సర్వే ఒక్కసారే షెడ్యూలవుతుంది కాబట్టి నాలుగుసార్లు వెళ్తుందన్న భయం అక్కర్లేదు. ‘ఈరోజు’ అనే మాట ఉన్న షరతులను సిస్టమ్ నాలుగు గంటలకోసారి సరిచూస్తుంది. అందుకని ఉదయం తొమ్మిదికే అందాలనుకుంటే సమయం విడిగా పెట్టాలి.

ఇక మా దృష్టిలో ఈ సదుపాయం మొత్తానికీ ప్రాణం లాంటిది షరతు పక్కనుండే ఒక చిన్న టిక్కు పెట్టె. పంపే ముందు షరతు ఇంకా నిజమేనా అని మళ్లీ చూడమని చెప్పేది అది. టిక్కు పెట్టకపోతే ఒకసారి షెడ్యూలైన మెయిల్ ఇక దానంతట అదే ఆగదు. పేషెంటు మధ్యలో చనిపోయారనుకోండి, 90వ రోజున ‘ఇప్పుడు ఎంత దూరం నడవగలుగుతున్నారు?’ అనే ప్రశ్న ఆ ఇంటికి చేరుతుంది. కొడుకో కూతురో తెరిచి చదువుతారు. సాఫ్ట్‌వేర్ వల్ల ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉండదు. అందుకే షరతులో నాలుగు విషయాలు ఎప్పుడూ ఉండాలి: సమ్మతి ఇచ్చారు, బతికే ఉన్నారు, అధ్యయనం నుంచి తప్పుకోలేదు, ఇప్పుడు మళ్లీ ఆసుపత్రిలో చేరి లేరు. ఈ నాలుగింటికీ ఫీల్డులు ఉండాలి, వాటిని ఏ రోజుకారోజు నింపే బాధ్యత ఒకరిమీద పెట్టాలి. ఫీల్డు ఖాళీగా ఉంటే టిక్కు ఉన్నా ఉపయోగం లేదు.

రిమైండర్లు ఐదు వరకు పెట్టుకోవచ్చు. మూడు రోజుల ఎడంతో రెండు చాలు, ఆపైన పేషెంటుకు చిరాకు తప్ప జవాబు రాదు. జవాబు పూర్తిగా ఇవ్వగానే మిగిలినవి వాటంతటవే ఆగిపోతాయి. ఒకటి గుర్తుంచుకోండి: సెట్టింగులు తర్వాత మార్చినా, అప్పటికే షెడ్యూలైన వాటికి ఆ మార్పు అంటదు. సర్వే ఇన్విటేషన్ లాగ్ (వెళ్లినవాటి, వెళ్లాల్సినవాటి జాబితా) తెరిచి వాటిని సవరించాలి లేదా తీసేయాలి. సర్వే సెట్టింగుల్లో లింకుకు గడువు కూడా పెట్టండి. 30వ రోజు నొప్పి ఎంత అన్న ప్రశ్నకు 80వ రోజున వచ్చిన జవాబు లెక్కలోకి పనికిరాదు.

పాత పేషెంట్ల వివరాలు ఎక్సెల్ నుంచి ఒక్కసారిగా ఎక్కించేటప్పుడు జాగ్రత్త. ఇంపోర్ట్ చేసిన డేటాకూ షరతులు వర్తిస్తాయి. 500 పాత రికార్డులు ఎక్కిస్తే, షరతుకు సరిపోయిన ప్రతివారికీ మెయిల్ కదులుతుంది. ఇంపోర్ట్‌కు ముందు ఇన్విటేషన్లను ఇన్‌యాక్టివ్ చేసి, లెక్కలు సరిచూసుకుని, తర్వాత యాక్టివ్ చేయాలి.

సర్వరు పని ఐటీ వాళ్లది కాబట్టి మూడు ప్రశ్నలు వాళ్లనే అడగండి. క్రాన్ జాబ్ (సర్వరులో వేళకు దానంతట అదే నడిచే పని) నిమిషానికోసారి నడుస్తోందా? అది ఆగితే ఒక్క మెయిలూ వెళ్లదు. టైమ్‌జోన్ భారత కాలమానానికి పెట్టారా? యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటే ఉదయం 9కి పెట్టింది మధ్యాహ్నం 2:30కి వెళ్తుంది. మెయిల్ పంపే డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) సరిగ్గా ఉన్నాయా? లేకపోతే మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయి, పేషెంట్లు జవాబివ్వడం లేదని మనం అనుకుంటూ ఉంటాం.

మన ప్రాంతంలో దీనికున్న అసలు లోటు, ఇది ఈమెయిల్‌ను నమ్ముకుని పుట్టిన పనిముట్టు కావడం. వరంగల్ పల్లె నుంచో అనంతపురం నుంచో వచ్చిన అరవై ఏళ్ల పెద్దావిడకు మెయిల్ ఐడీ ఉండదు. వాట్సాప్ మూల సాఫ్ట్‌వేర్‌లో లేదు. ట్విలియో అనే సందేశాల సేవా సంస్థ ఖాతా కలిపితే ఎస్సెమ్మెస్ పంపవచ్చు గానీ, దాని ఖర్చు వేరు, మన దేశంలో సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లకు తప్పనిసరైన డీఎల్‌టీ నమోదు వేరు. సంస్థను, పంపేవారి పేరును, సందేశం నమూనాను ముందే నమోదు చేయించాలి. 2024 అక్టోబరు నుంచి లింకులను కూడా ముందే ఆమోదింపజేసుకోవాలి, లేకపోతే సందేశం దారిలోనే ఆగిపోతుంది. తెలుగులో పంపితే మరో లెక్క ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 70 అక్షరాలే, పైగా గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి ‘ప్రశ్న’ రెండక్షరాలు, నెట్‌వర్కుకు ఆరు. ‘మీ ఆపరేషన్ గాయం ఎలా ఉంది? ఈ లింకులో 5 ప్రశ్నలకు జవాబివ్వండి.’ అన్నంత మాత్రానికే 60 అయిపోతాయి, లింకు చేరగానే రెండు సందేశాల ఖర్చు పడుతుంది.

ప్రశ్నలు మాత్రం తెలుగులో చక్కగా ఇవ్వవచ్చు. రెడ్‌క్యాప్‌లోనే ఉండే మల్టీ లాంగ్వేజ్ మేనేజ్‌మెంట్‌లో ఫారంతో పాటు ఇన్విటేషన్ మాటలనూ అనువదించుకునే వీలుంది. పేషెంటు ఏ భాష కోరుకున్నారో ఒక ఫీల్డులో ఉంటే సందేశం ఆ భాషలోనే వెళ్తుంది. ఈ పనికి కేటాయించిన శ్రమ ఎంతైనా తక్కువే. ‘సర్జికల్ సైట్ నుంచి డిశ్చార్జి ఉందా’ అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ‘కుట్ల దగ్గర చీము గానీ నీరు గానీ కారుతోందా’ అని అడిగితే ఇంట్లో ఎవరైనా చూసి చెప్తారు. ఫోను తరచుగా కొడుకుదో మనవడిదో అయి ఉంటుంది కాబట్టి, బయటపడకూడని జబ్బుల విషయంలో పేషెంటు పేరును, జబ్బు పేరును సందేశంలో రాయకండి. సర్వే లాగిన్ పెట్టి పుట్టిన తేదీ అడిగాకే ఫారం తెరుచుకునేలా చేయండి.

చీము కారుతోంది అని రాత్రి 11 గంటలకు పేషెంటు టిక్కు పెడితే చూసేదెవరు? డేటాబేస్‌లో పడి ఉంటే ఎవరూ చూడరు. రెడ్‌క్యాప్‌లోని అలర్ట్స్ అండ్ నోటిఫికేషన్స్‌లో ఆ జవాబు రాగానే డ్యూటీ నర్సుకు కబురు వెళ్లేలా ఒక అలర్ట్ తప్పనిసరిగా రాయాలి. సర్వే మొదటి పేజీలోనే ‘ఈ జవాబులను ఎవరూ వెంటనే చూడకపోవచ్చు, అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి’ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇది లేకుండా ప్రాజెక్టును మొదలుపెట్టనివ్వకూడదు.

మొదలుపెట్టే ముందు మూడు ఉత్తుత్తి రికార్డులు చేసి చూడండి. ప్రాజెక్టు ఇంకా తయారీ దశలో, అంటే డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉన్నప్పుడు కూడా మెయిళ్లు నిజంగానే వెళ్తాయి, అందుకని మూడింట్లోనూ మీ బృందం ఐడీలే పెట్టండి. ఒకదానికి ఆపరేషన్ తేదీ ఎనిమిది రోజుల కిందటిది, ఇంకోదానికి ఎనిమిది రోజుల తర్వాతది, మూడోదానికి ఎనిమిది రోజుల కిందటిదే గానీ షెడ్యూలయ్యాక పేషెంటు మరణించినట్టు నమోదు. ఒక పూట ఆగి లాగ్ చూడండి. మొదటిదానికి మాత్రమే ప్రశ్నలు వెళ్లి ఉండాలి.