జింగ్‌దజెన్: చూడాల్సినవి, కొనకూడనివి

పాత చైనా నీలం-తెలుపు పింగాణీ మీద మోజున్నవాళ్లు చైనాలోని పింగాణీ ఊరు జింగ్‌దజెన్ వెళ్లి తీరాలి, కాకపోతే పర్సు మూసుకుని. 1911కి ముందు నాటి పురావస్తువులను దేశం దాటించడానికి చైనా చట్టం మామూలుగా ఒప్పుకోదు. అంటే అసలుదైతే తెచ్చుకోలేం, తెచ్చుకోగలిగామంటే అది అసలుది కాదు!

హాంగ్‌జౌ నుంచి హైస్పీడ్ రైలు సుఖంగా ఉంది. ఊళ్లో ఒక్కచోటికే వెళ్లే వీలుంటే రాజబట్టీల మ్యూజియానికి వెళ్లండి. మింగ్ వంశం ఏలిన కాలంలో చక్రవర్తికి పంపే పాత్రలో చిన్న లోపం కనిపించినా పగలగొట్టి అక్కడే పూడ్చేసేవారు. ఆ పెంకులనే తవ్వి తీసి, అతికించి అద్దాల వెనక పెట్టారు. మింగ్ చక్రవర్తి షువాన్‌ద కాలపు (1426–35) నీలాన్ని తీరిగ్గా చూడండి. ఇనుము ఎక్కువున్న కోబాల్టు (నీలం రంగునిచ్చే ఖనిజం) చిక్కగా పడినచోట నల్లటి మచ్చ తేలి, గాజులాంటి పై పూతలోకి కాస్త కుంగి ఉంటుంది. నకళ్లు చేసేవాళ్లు ఆ మచ్చల్ని కుంచెతో చుక్కలుగా పెడతారు. ఒకసారి అసలుది చూసిన కంటికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. సాలార్ జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీ కూడా చూసి బయల్దేరితే ఇంకా మంచిది.

సోమవారం తెల్లవారుజామున జరిగే సంతను అక్కడివాళ్లు దెయ్యాల సంత అంటారు. చీకట్లో టార్చిలైట్లు, నేలమీద పరిచిన పెంకులు, గిన్నెలు, మట్టి అంటిన జాడీలు. ఆ మట్టిలో కొంత నిన్నటిదేనని నా అనుమానం. అడుగున ఏ చక్రవర్తి కాలానిదో చెప్పే ఆరక్షరాల ముద్ర చూపించి ధర చెబుతారు. ముద్రను నమ్మడానికి లేదు, చింగ్ చక్రవర్తి కాంగ్‌షీ కాలంలోనే, అంతకు రెండు వందల ఏళ్ల నాటి మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు వేసి పాత్రలు చేశారు. ఆ జాడీలు చేతిలోకి తీసుకుని బరువు, అడుగు అంచు చూసుకోవడమే అక్కడ లాభం. మ్యూజియాలకు సాధారణంగా సోమవారమే సెలవు కాబట్టి వాటిని ఆదివారంలోగా ముగించుకోవాలి.

పింగాణీ మ్యూజియం కూడా బాగుంది. కానీ విసుగు మొహం వేసుక్కూర్చున్న ఒక బొమ్మ దగ్గర సెల్ఫీల రద్దీ ఎక్కువ. 1958లో పెట్టిన పింగాణీ ఫ్యాక్టరీని బాగుచేసిన తావోషీచువాన్‌లో వారాంతపు సంత ఉంటుంది. కుర్ర కళాకారులు తాము చేసినవే అమ్ముతారు. డబ్బు పెట్టాలనిపిస్తే అక్కడ పెట్టండి.

బస విషయానికొస్తే, పాతబట్టీల వీధుల్లోని చిన్న అతిథిగృహాలు నడకకు అనుకూలం, గోడలు మాత్రం పలచన. తావోషీచువాన్ వైపు హోటళ్లు శుభ్రం, ధర ఎక్కువ. విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారో లేదో ముందే అడగండి. ఫోనులో అలీపే అనే చెల్లింపుల యాప్, అనువాద యాప్ లేకపోతే టీ తాగడమూ కష్టమే. శాకాహారులు మాంసం వద్దని చైనా భాషలో రాసిన చీటీ దగ్గర పెట్టుకోవాలి. చల్లటి బియ్యపు సేమ్యాలో మిరపకారం దట్టించి ఇస్తారు. మన నాలుకకు అది బాగా నచ్చుతుంది, రెండో గిన్నె కూడా చెప్పాను.