పొద్దున్నే వచ్చే గాబరాకి ఆన్‌లైన్ థెరపీ: కౌన్సెలింగ్ బాగుంది, యాప్ బాగాలేదు

కళ్లు తెరిచీ తెరవకముందే గుండె దడ, కడుపులో తిప్పడం, ఏదో అయిపోతోందన్న భయం. రోజూ ఇలా నిద్ర లేచేవాళ్ల కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. నేను తీసుకున్నది వీడియో కాల్‌లో చేసే సీబీటీ, అంటే భయపెట్టే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్, దాంతోపాటు వాళ్ల యాప్ కూడా ఇస్తారు.

ముందు కౌన్సెలింగ్ గురించి. మొదటి సెషన్‌లోనే కౌన్సెలర్ మేడమ్ ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నారా అని అడిగారు, రిపోర్టులు చూశాకే మొదలుపెట్టారు. "అదంతా టెన్షనేలే" అని కొట్టిపారేసే మాటలు విని విని ఉన్నాను కాబట్టి అక్కడే నాకు నమ్మకం కుదిరింది. పొద్దున్నే ఎందుకు ఎక్కువగా ఉంటుందో కూడా ఓపిగ్గా చెప్పారు. నిద్ర లేచాక మొదటి అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ అనే హార్మోన్ దాదాపు అందరికీ పెరుగుతుంది. చాలామందికి అది తెలియను కూడా తెలియదు, కానీ పానిక్‌కి అలవాటుపడ్డ మనసు ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా ప్రమాదమనే అనుకుంటుంది, ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అది చూసి భయం ఇంకా పెరుగుతుంది. డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లోనే దీన్ని వివరించారు, ఈ థెరపీ చాలావరకు దానిమీదే నడుస్తుంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ లక్షణాల్ని కావాలనే తెప్పించుకోవడం. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం గబగబా లోతుగా ఊపిరి తీసి వదలమన్నారు. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు, తల తేలిపోవడం, అచ్చం పొద్దున వచ్చేవే.

"ఇప్పుడేం చేయాలనిపిస్తోందండీ?"

"లేచి బయటికి వెళ్లిపోవాలని ఉంది మేడమ్."

"వెళ్లకండి. అలాగే కూర్చుని ఏమవుతుందో చూడండి."

కూర్చున్నాను. నేనేమీ చేయకుండానే కాసేపటికి తిమ్మిరి వదిలేసింది. ఊపిరి ఎక్కువగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఆ తిమ్మిరి అందువల్లే అని అంతకుముందు చదివినా ఎక్కలేదు, ఆ రోజు ఎక్కింది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక యాప్. పొద్దున లేవగానే "మీ ఆందోళన ఇప్పుడు పదికి ఎంత?" అని నోటిఫికేషన్ పంపుతుంది! అసలే గుండెని కనిపెట్టుకుని కూర్చునే మనిషిని మళ్లీ గుండె వైపే చూడమంటే ఎలా? సెట్టింగుల్లో ఎంత వెతికినా దాన్ని ఆపే దారి కనపడలేదు, చివరికి ఫోన్‌లోనే ఆ యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. ఊపిరి వ్యాయామాలు ఫర్వాలేదు, నెమ్మదిగా వదలడం నేర్పిస్తాయి, అంతకుమించి ఏమీ లేదు. లేవగానే ఫోన్ చూడకుండా, ఖాళీ కడుపుతో కాఫీ తాగకుండా కాసేపు నడవమని ఆవిడ చెప్పినదే నాకు ఎక్కువ పనిచేసింది.

ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో దడ వస్తుంది, కానీ మంచం మీంచి లేచి పనులు చేసుకుంటుండగానే పోతుంది. చచ్చిపోవాలనిపించేంత బాధలో ఉన్నవాళ్లకి వారానికోసారి వీడియో కాల్ సరిపోదు, వాళ్లు వెంటనే నేరుగా సైకియాట్రిస్టుని కలవాలి. మందులు వాడుతున్నవాళ్లు ఇది మొదలుపెట్టామని సొంతంగా ఆపేయకండి. మిగతావాళ్లకి కౌన్సెలింగ్ గట్టిగా సిఫార్సు చేస్తాను, ఒక్క ఇబ్బంది ఏంటంటే స్లాట్లన్నీ మధ్యాహ్నం, సాయంత్రమే ఉన్నాయి, మాకు మనిషి కావాల్సింది పొద్దున్నే కాబట్టి అప్పుడు కూడా కొన్ని పెట్టాలి.