బొమ్మలో బొమ్మ: ఫోటో పంపి వేయించుకునే పిల్లల పెయింటింగ్ ఎలా వస్తోంది?

ఫోటో పంపితే కాన్వాస్ మీద ఆయిల్ పెయింటింగ్ వేసిచ్చే ఆన్‌లైన్ సేవల్లో పిల్లల ముఖాలు చాలావరకు బాగానే కుదురుతున్నాయి. దెబ్బతినేది చేతిలోని బొమ్మ. ఏళ్ల తరబడి నలిగి, ఒక చెవి వాలిపోయి, ఊడిన కన్ను చోట వేరే రంగు గుండీ కుట్టించుకున్న టెడ్డీని అప్పుడే అట్టపెట్టెలోంచి తీసినట్టు వేసేస్తారు. ఇక అది ఏ బిడ్డ టెడ్డీ అయినా కావచ్చు. "అరుగుదల అలాగే ఉంచండి" అని ఆర్డర్‌లోనే రాయండి. బొమ్మకు విడిగా రెండు ఫోటోలు తీసి పంపండి. బొచ్చును వెంట్రుక వెంట్రుకా గీసినా చెడుతుంది, టెడ్డీ కాస్తా ముళ్లపంది అవుతుంది. వెలుగు నీడలోకి జారే అంచున నాలుగు గీతలు పడితే చాలు, మిగతాది కన్నే పూరించుకుంటుంది.

సగం తప్పులు ఫోటోలోనే ఉంటాయి. ఫోన్ మూడడుగుల దూరంలో పెట్టి తీస్తే ముందుకు చాచిన బొమ్మ పెద్దదై, ముఖం చిక్కిపోతుంది. గీసేవాళ్లు దాన్నే దించేస్తారు. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ జూమ్‌లో, బిడ్డ కళ్ల ఎత్తు నుంచి తీయాలి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు.

12×16 అంగుళాల్లో నిలువెత్తు బిడ్డా, చుట్టూ బొమ్మలూ అడిగితే ముఖం రెండంగుళాలు కూడా రాదు. పోలిక పోయేది అక్కడే. 16×20 తీసుకుని, నడుము వరకు, ఒకే ఒక్క బొమ్మతో వేయించడం మేలు.

స్కెచ్ ఒప్పుకునే ముందు కళ్లు చూడండి. మూడు నాలుగేళ్ల పిల్లలకు అవి తల సగానికి కాస్త కిందుగా ఉంటాయి. పైకి జరిగితే వయసు పెరిగిపోయినట్టే. ఎర్ర కారు బొమ్మ ఉంటే అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు (రంగు కోడ్ పీఆర్83) వద్దనండి, వెలుతురుకు వెలిసిపోతుంది. క్వినాక్రిడోన్ ఎరుపు (పీవీ19) నిలుస్తుంది.

కొందరు ప్రింట్ మీద జెల్ పూసి పెయింటింగ్ అంటారు. పక్కవాటంగా వెలుతురులో పట్టి చూడండి: కుంచె గీతలు కింది ఆకారాన్ని పట్టించుకోకుండా బుగ్గ, చొక్కా, గోడ అన్నిటి మీదా ఒకే తీరున సాగితే అనుమానించాలి. భూతద్దంలో సన్నటి రంగు చుక్కలు కనిపిస్తే ప్రింటే.

కాన్వాస్‌ను చుట్టి పంపేటట్టయితే రంగు వైపు బయటికి ఉండాలి. పైన ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల ఆయిల్ ఇంకా గట్టిపడుతూ ఉంటుంది కాబట్టి, మామూలు వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. అంతవరకు గుడ్డ తగిలించకుండా, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే సరిపోతుంది.