సజ్జకు కూడా ఎస్ఎఫ్‌టీ లెక్కేనా? న్యాయ సేవాధికార సంస్థలో మా ఇంటి పంచాయితీ

రేటింగ్ ఐదుకు నాలుగు, ఫీజు సున్నా. ఇంటి కాంట్రాక్టరుతో లెక్క తెగక, ఫోన్లు ఎత్తడం కూడా మానేసుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మాది జీ ప్లస్ వన్. మెటీరియల్‌తో కలిపి ఎస్ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకి, 1,750 చొప్పున మాట్లాడుకుని 100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకున్నాం. రెండు ఫ్లోర్లూ కలిపి 2,300 అడుగులు అని నా లెక్క. గృహప్రవేశానికి వారం ముందు కాంట్రాక్టరు తెచ్చిన ఫైనల్ బిల్లులో మాత్రం 2,486 ఉంది. ఆ 186 ఎక్కడివని అడిగితే డాబా మీద మెట్లకు కప్పుగా కట్టిన చిన్న గది, అదే హెడ్‌రూమ్, 70, బాల్కనీ 64, కిటికీల మీది సజ్జలు 52 అన్నాడు. డబ్బుల్లో చూస్తే 3,25,500. నేను ఇవ్వనన్నా, అయితే పై బాత్రూమ్ లీకేజీ సంగతి నాకు తెలీదని ఆయన వెళ్లిపోయాడు, కింద బెడ్‌రూమ్ సీలింగ్ మీద మచ్చ ముందు అరచేయంత ఉండేది, నెల తిరిగేసరికి పళ్లెమంత అయింది.

రెరాకి వెళ్దాం బావా అని మా బావమరిది ఒకటే పట్టు. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, అది అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు, మన స్థలంలో మనం కాంట్రాక్టుకిచ్చి కట్టించుకున్న ఇంటికి కాదు. సివిల్ కోర్టంటే కోర్టు ఫీజు, వాయిదాలు. ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఒకరిని పెట్టుకుని తీర్పు చెప్పించుకోవడం, ఆ మాట మా అగ్రిమెంటులోనే లేదు. చివరికి తెలిసిన లాయరుగారు ఒకరు, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది కదా, ప్రీ లిటిగేషన్ కేసు, అంటే కోర్టులో దావా వేయకముందే రాజీకి అర్జీ, పెట్టుకోండి అన్నారు.

తెల్ల కాగితం మీద అర్జీ, అగ్రిమెంటు, బిల్లు జిరాక్సులు, ఆధార్, అంతే. అవతలివాళ్లకు నోటీసు వాళ్లే పంపుతారు. కాకపోతే రానని భీష్మించుకుంటే మెడపట్టి తీసుకురారు. మావాడు రెండు వాయిదాలు ఎగ్గొట్టి మూడోదానికి వచ్చాడు. ఆ రెండు రోజులూ వరండాలో నిలబడ్డా, ఉన్నవి నాలుగు కుర్చీలు.

మధ్యవర్తిగా కూర్చున్న లాయర్ మేడమ్ ముందు ఇద్దరినీ తిట్టుకోనిచ్చారు. పావుగంట! ఆ తర్వాత అగ్రిమెంటు తీసి, ఇందులో 'స్లాబ్ ఏరియా' అనే మాట ఎవరు రాశారు అని అడిగారు. నేను ఆయన్ని చూశా, ఆయన నన్ను చూశాడు. రాసింది డీటీపీ షాపువాడు, వేరేవాళ్ల అగ్రిమెంటులో పేర్లు మార్చి ప్రింటిచ్చాడు. ఆ మాటలో ఏవేవి కలుస్తాయో మేం రాసుకోలేదు. ప్లింత్ ఏరియా, అంటే గోడలతో సహా కట్టిన విస్తీర్ణం, ఎలా కొలవాలో ఐఎస్ 3861 అని ఒక ప్రమాణమే ఉంది, మేం కనీసం దాని పేరైనా రాసుకోలేదు. "అన్నా, సజ్జ ఏమన్నా గాల్లో వేలాడుతుందా? దానికి స్టీలు పడలేదా, సెంట్రింగ్ కొట్టలేదా?" అన్నాడు కాంట్రాక్టరు. నిజం చెప్పొద్దూ, నా దగ్గర వెంటనే జవాబు లేదు.

ఇక్కడే ఒక స్టార్ తగ్గించా. మేడమ్‌కి ఓపిక చాలా ఉంది గానీ కట్టుబడి పని తెలియదు, హెడ్‌రూమ్ అంటే ఏంటో నేనే బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. ఇంజినీరును వాళ్లు పంపరు. ఇద్దరం చెరిసగం వేసుకుని ఒక రిటైర్డ్ ఇంజినీరుగారిని పిలిపించుకున్నాం. ఆయన టేపు ఒక కొన నా చేతికి, రెండో కొన కాంట్రాక్టరు చేతికి ఇచ్చి, అంకె మాత్రం తను చదివారు. కొలతలన్నీ రాశాక కాగితం మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించారు. సగం గొడవ అక్కడే తెగింది, ఎందుకంటే కొలతల్లో అసలు తేడానే లేదు, దేన్ని లెక్కలో వేయాలన్నదే తగాదా.

తర్వాతి వాయిదాకి గంటలో తేలిపోయింది. హెడ్‌రూమ్ మొత్తం, బాల్కనీ సగం, సజ్జలు సున్నా. మొత్తం 102 అడుగులు, 1,78,500. అందులో లక్ష ఆ రోజే ఇచ్చేశా. మిగతాది లీకేజీ బాగుచేసి, బాత్రూమ్‌లో నీళ్లు నింపి 48 గంటలు వదిలేశాక, కింద తడి కనపడకపోతేనే.

ఒక్క సలహా. రాజీ కుదిరింది కదా అని తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టుకుని వచ్చేయకండి, లోక్ అదాలత్‌లో దాన్ని అవార్డుగా, అంటే అధికారిక ఉత్తర్వుగా, చేయించుకోండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు తీర్పు (డిక్రీ)తో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. ఒకవేళ రాజీ కుదరకపోయినా కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోదు, కానీ డబ్బు బాకీలకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి అవతలివాడు వాయిదాలతో సాగదీస్తుంటే తారీఖులు చూసుకుంటూ ఉండండి.

నీళ్లు నింపిన రోజు కాంట్రాక్టరే టైలు మీద పెన్సిల్‌తో గీత గీసి వెళ్లాడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి ముందు సీలింగ్, తర్వాత గీత చూసుకున్నాడు. 78,500 ఫోన్‌పేలో పడ్డాక, "ఇంటి ముందువైపు ఎలివేషన్ ఫొటో ఒకటి తీసుకుంటా అన్నా, స్టేటస్‌లో పెట్టుకోవాలి" అన్నాడు. తీసుకోమన్నా, సజ్జలు బాగా పడేటట్టు.