స్నేక్ నది లోయలో రాతినేల: దక్షిణ ఐడహో యాత్రానుభవం

అమెరికాలోని ఐడహో రాష్ట్రపు దక్షిణ భాగంలో స్నేక్ నది నల్లరాతిని కోసుకుంటూ పారిన లోయల వెంట, బాయిసీ నుంచి ట్విన్ ఫాల్స్ దాకా చేసిన ప్రయాణం గురించి, అక్కడి బసల గురించి, సదుపాయాల గురించి రాస్తున్నాను. బాయిసీలో మైక్రాన్ వంటి సంస్థల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను వారు సాధారణంగా ఎల్లోస్టోన్‌కు తీసుకువెళ్తారు కానీ, ఊరు దాటగానే మొదలయ్యే ఈ సేజ్‌బ్రష్ పొదల నేలను చూపించేవారు తక్కువ. అనంతపురం జిల్లాలో భూసార పరీక్షల పనిలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, ఎక్కడికి వెళ్దాం మామయ్యగారూ అని మా అల్లుడు అడిగినప్పుడు ఈ లోయలనే కోరుకున్నాను. చూసి వచ్చాక కలిగిన అభిప్రాయం ఒక్కటే: ఏ చోటికి ఏ నెలలో వెళ్లాలో, ఏ దారిలో కారు నడుస్తుందో, ఏ పక్షి ఎక్కడ కనిపిస్తుందో ఇక్కడ నేలే నిర్ణయిస్తుంది.

ముందుగా ఆ నేల ఎలాంటిదో చెప్పాలి. రోడ్డు కోసం గట్టు తెగ్గొట్టిన చోట నిలబడితే పొరలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. పైన లేత గోధుమ రంగులో, వేళ్ల మధ్య నలిపితే పిండిలా జారిపోయే మెత్తని సన్న మట్టి ఉంటుంది. దాని కింద తెల్లటి సున్నపు పొర, కొన్నిచోట్ల సున్నంతో పాటు సిలికా కూడా కలిసి గడ్డపారకు లొంగనంతగా బిగిసిన గట్టి పొర, అన్నిటికీ అడుగున లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లని బసాల్ట్ రాయి ఉంటాయి. మన అనంతపురం ఎర్రనేల చాలావరకు కింది రాయి అక్కడే చివికి ఏర్పడినది. ఇక్కడి పై మట్టి కింది రాతికి పుట్టిన బిడ్డ కాదు, గాలి తెచ్చి పెట్టిన పెంపుడు బిడ్డ. మంచు యుగపు కాలంలో నదీ తీరాల నుంచి లేచిన దుమ్ము లావా మైదానం మీద పరుచుకుని ఈ మట్టి ఏర్పడింది. అందుకే దీని లోతు అడుగడుగునా మారుతుంది. రాతి గుంటలో మీటరుకు పైగా ఉన్న మట్టి, పది అడుగులు నడిచేసరికి జానెడు కూడా ఉండదు. ఇక్కడి నేలల పటాల్లో ట్రెవీనో అని పేరు పెట్టిన నేల ఈ రెండో రకానికి చెందినది, అర మీటరు లోపే బసాల్ట్ తగులుతుంది. రోడ్డు పక్కన రాలి పడిన తెల్ల గడ్డ మీద కాస్త వెనిగర్ వేస్తే బుసబుసమని పొంగింది, సున్నం ఎంత ఉందో చెప్పడానికి అది చాలు.

వాన సంగతి కూడా మనకు పూర్తిగా భిన్నం. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, బాయిసీకి సుమారు 300, లోయకు దగ్గరగా ఉన్న మైదానానికి అంతకంటే తక్కువ పడుతుంది. అదీ ఎక్కువగా చలికాలంలో, వసంతంలో మంచుగానో జల్లుగానో కురుస్తుంది. నేల నెమ్మదిగా పీల్చుకున్న ఆ తడితోనే మొక్కలు జూన్ లోపు తమ పని ముగించుకోవాలి. నీరు లోతుగా దిగి కొట్టుకుపోదు కనుకనే సున్నం అడుగుకు పోకుండా మధ్యలో పొరగా నిలిచిపోయింది. మట్టి లోతుగా ఉన్నచోట సేజ్‌బ్రష్ నిలువెత్తు పెరుగుతుంది, రాయి పైకి వచ్చినచోట మోకాలి దాకా ఉండే పొట్టి రకం మాత్రమే బతుకుతుంది. తొలినాటి వలస రైతులు పొద ఎత్తును బట్టే సాగుభూమిని ఎంచుకునేవారు.

మేము చూసిన వాటిలో అన్నిటికంటే విలువైనది కూనా పట్టణానికి దక్షిణాన ఉన్న డెడికేషన్ పాయింట్ అని నా అభిప్రాయం. స్నేక్ నది వెంట 1993లో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఏర్పాటు చేసిన వేట పక్షుల సంరక్షణ ప్రాంతంలో, లోయ అంచున ఉన్న చోటు ఇది. డేగలు, గద్దలు, గుడ్లగూబలు ఇంత దట్టంగా గూళ్లు పెట్టే చోటు ఉత్తర అమెరికాలో మరొకటి లేదని చెబుతారు, వసంతంలో సుమారు 800 జంటలు ఇక్కడ పిల్లలను సాకుతాయి. దీనికి కారణం నేలలోనే ఉంది. లోయ గోడల్లోని బసాల్ట్ పగుళ్లు గూళ్లకు తావిస్తే, గట్టు పైనున్న లోతైన మెత్తని మట్టి వల్ల నేల ఉడుతలు బొరియలు తవ్వుకోగలుగుతాయి. ప్రెయిరీ ఫాల్కన్ అనే డేగకు ఆ ఉడుతే ముఖ్యాహారం. గడ్డి ఎండిపోగానే ఉడుతలు వేసవిలోనే బొరియల్లోకి వెళ్లి నిద్రపోతాయి, డేగలు ఆ ప్రాంతం విడిచి వెళ్లిపోతాయి. కాబట్టి మార్చి మధ్య నుంచి జూన్ ఆరంభం వరకు వెళ్లాలి. ఆగస్టులో సెలవు దొరికిందని వెళితే ఎండ, ఖాళీ లోయ అంచు మాత్రమే మిగులుతాయి. ప్రవేశ రుసుము లేదు, దారి పావు మైలు చదునైన నడక కనుక పెద్దవారికి ఇబ్బంది లేదు. అయితే తాగునీరు, నీడ ఏమీ లేవు, అంచు వద్ద పిల్లల చేయి వదలకూడదు.

అక్కడే మరో మాట చెప్పాలి. పొదల మధ్య ఖాళీగా కనిపించే నేల నిజానికి ఖాళీ కాదు. నాచు, లైకెన్లు, నీలి ఆకుపచ్చ శైవలాలు కలిసి అల్లుకున్న నల్లటి గరుకు పొర దాన్ని కప్పి ఉంటుంది. గాలికి మట్టి ఎగిరిపోకుండా పట్టి ఉంచేది, నేలకు కొంత నత్రజని అందించేది ఆ పొరే. ఒక్క అడుగు వేస్తే అది చితికిపోతుంది, మళ్లీ ఏర్పడడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అది చితికిన చోట చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి చొరబడుతుంది. ఆ గడ్డి వేసవి మొదట్లోనే ఎండి అంటుకుంటుంది, నిప్పుకు కాలిన పెద్ద సేజ్‌బ్రష్ వేరు నుంచి మళ్లీ చిగురించదు. ఫొటో కోసం దారి విడిచి పొదల్లోకి నడిచే వారిని చూసినప్పుడు మనసుకు నిజంగా బాధ కలిగింది. దయచేసి దారి మీదే నడవండి.

సెలబ్రేషన్ పార్క్ మెల్బా ఊరికి దగ్గరలో, నది ఒడ్డునే ఉంది. సుమారు 17, 18 వేల ఏళ్ల క్రితం, ఇప్పటి యూటాలో ఉండిన బొన్నెవిల్ అనే మహా సరస్సు రెడ్ రాక్ పాస్ వద్ద గట్టు తెంచుకుని ఈ లోయలోకి దూకినప్పుడు, గోడల నుంచి ఊడిన బసాల్ట్ బండలు దొర్లి దొర్లి గుండ్రంగా మారి ఇక్కడ పోగుపడ్డాయి. పుచ్చకాయ రాళ్లని వాటికి పేరు. వాటి నల్లటి పైపూత మీద పూర్వపు స్థానిక జాతుల వారు చెక్కిన బొమ్మలు ఉన్నాయి. బండల మధ్య మట్టి నామమాత్రమే అయినా, గాలికి చేరిన దుమ్ములోనే పొదలు వేళ్లూనుకుని నిలబడ్డాయి. పార్కింగ్‌కు కొద్దిపాటి రుసుము ఉంటుంది, సందర్శకుల కేంద్రం వారు బొమ్మల గురించి ఓపికగా వివరిస్తారు. పిల్లలతో వెళ్లేవారికి దీన్నే ముందుగా సూచిస్తాను. 1901లో కట్టిన స్వాన్ ఫాల్స్ ఆనకట్ట వద్ద నది ఒడ్డు దాకా కారు దిగుతుంది, భోజనానికి అది మంచి చోటు.

బ్రూనో లోయ అంచు సుమారు 800 అడుగుల లోతుకు నిలువుగా దిగుతుంది, దృశ్యంగా మిగతా వాటినన్నిటినీ మించినది. కానీ చివరి మైళ్లు రాళ్లు తేలిన మట్టి దారి. ఇక్కడి మట్టి ఎండలో గచ్చులా ఉన్నా, తడిస్తే సబ్బులా జారుతుంది. అద్దె కార్ల ఒప్పందాల్లో ఇలాంటి దారులను నిషేధించడం మామూలే కనుక ముందే చదువుకోవాలి. వాన పడిన మర్నాడు అసలు వెళ్లకూడదు. సెల్‌ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. దగ్గరలోని బ్రూనో డ్యూన్స్ స్టేట్ పార్క్‌లో సుమారు 470 అడుగుల ఎత్తున్న ఇసుక దిబ్బ ఉంది. ఎదురెదురు దిక్కుల నుంచి వీచే గాలులు దాన్ని కదలకుండా నిలబెట్టాయి. అక్కడి చిన్న కాబిన్లు శుభ్రంగా ఉన్నాయి కానీ వాటి సంఖ్య తక్కువ, ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకవు. దుప్పట్లు, వంట సామాను మనమే తీసుకువెళ్లాలి. పులిహోర, పచ్చడి, వాటర్ క్యాన్లు కారులో ఉంటే శాకాహారులకు చింత లేదు.

హోటల్ సౌకర్యం కావాలంటే ట్విన్ ఫాల్స్‌లోనే బస చేయాలి. పెరీన్ వంతెన దగ్గర అన్ని ధరల్లోనూ గదులు ఉన్నాయి. మేము దిగిన ఒక చౌక మోటెల్‌లో గది బాగున్నా, కిటికీ సందుల్లోంచి సన్నని దుమ్ము వచ్చి మంచాల మీద చేరింది, అడిగితే గది మార్చారు కానీ కొత్త గదిలోనూ అదే పరిస్థితి. ఆస్తమా ఉన్నవారు దుక్కి దున్నే రోజుల్లో గాలి వీచే వైపు గది తీసుకోకపోవడం మంచిది. 212 అడుగుల షోషోన్ జలపాతాన్ని ఏప్రిల్, మే నెలల్లోనే చూడాలి, వేసవిలో ఎగువన మిల్నర్ ఆనకట్ట వద్ద నీరు కాలువలకు మళ్లడంతో రాతి గోడే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ కాలువ నీరు పారిన చోట అదే మెత్తని మట్టి బంగాళాదుంప, చక్కెర దుంప, చిక్కుడు పండిస్తోంది. పోర్ట్‌న్యూఫ్ అనే ఈ నేలకు అతుకు తక్కువ, చాళ్లలో నీరు పారితే మట్టి కూడా పారిపోతుంది. పక్కనే కింబర్లీలో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రం 1990లలో మట్టి రేణువులను అతికించి పట్టి ఉంచే పాలీఅక్రిలమైడ్ అనే రసాయనాన్ని సాగునీటిలో అతి తక్కువ మోతాదులో కలిపి ఆ కోతను బాగా తగ్గించవచ్చని నిరూపించింది. ఒక పొలం గట్టున నిలబడి చాలులో పారే నీటిని చూశాను, తేటగా ఉంది.

ఒక్క రోజే ఉన్నవారు డెడికేషన్ పాయింట్, సెలబ్రేషన్ పార్క్ చూసుకుని సాయంత్రానికి బాయిసీ చేరవచ్చు. రెండో రోజు ఉంటే ట్విన్ ఫాల్స్ కలుపుకోవాలి. బ్రూనో లోయను మాత్రం ఎత్తైన కారు, ఎండిన దారి రెండూ ఉన్నప్పుడే ఎంచుకోవాలి.